తెలుగు నవల పీడీఎఫ్ ఆన్‌లైన్‌లో తిరుగుతుంటే పూర్తిగా ఆపడం సాధ్యమేనా?

మీ ప్రశ్న ఇది: నవల అచ్చయి ఏడాది కాకముందే దాని పీడీఎఫ్ టెలిగ్రామ్‌లో కనబడింది. ఫిర్యాదు చేస్తే ఒక ఛానెల్‌లో తీసేశారు, కొద్ది రోజులకే మరో రెండు చోట్ల వచ్చింది. ఇన్ని చట్టాలు, ఇంత టెక్నాలజీ ఉన్నా దీన్ని పూర్తిగా ఎందుకు ఆపలేకపోతున్నారు, సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న రచయిత ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. పూర్తిగా ఆపలేరు. కోట్లు ఖర్చుపెట్టగల సినిమా, సంగీత కంపెనీల వల్లే పాతికేళ్లుగా కాలేదు. కానీ చేయగలిగినవి రెండున్నాయి. మీ పుస్తకాన్ని డబ్బు తీసుకుని అమ్ముకునేవాళ్లను నిజంగానే ఆపవచ్చు. కొనాలనుకుని వెతికే పాఠకుడికి దొంగ ప్రతి కన్నా ముందు అసలు పుస్తకం దొరికేలా చేయవచ్చు. మిగతా చోట్ల పడే శ్రమలో చాలా భాగం వృథా అవుతుంది. చిన్న ప్రచురణకర్తలకు, సొంతంగా వేసుకునే రచయితలకు హక్కుల పనులు, ఈబుక్ పనులు చూడటం నా వృత్తి. తొలగింపు నోటీసులు రాయడం అందులో భాగం. కాబట్టి ఇది పనిలో చూసి చెప్తున్నది.

ముందు ఎందుకు ఆగదో చూద్దాం. 1999లో పాటలు పంచుకునే నాప్‌స్టర్ వచ్చింది. పాటలు వాడేవాళ్ల కంప్యూటర్లలోనే ఉండేవి, కానీ ఏ పాట ఎవరి దగ్గరుందో చెప్పే జాబితా మాత్రం ఆ కంపెనీ సర్వర్లలో ఉండేది. అందుకే అమెరికా కోర్టు ఆదేశాలతో 2001లో అది మూతపడింది. అదే ఏడాది బిట్‌టొరెంట్ వచ్చింది. ఇందులో ఫైల్ ముక్కలుగా విడిపోయి, దించుకునే ప్రతి ఒక్కరూ తమ దగ్గరున్న ముక్కలను ఇతరులకు పంచుతుంటారు. తర్వాత ఆ కేంద్ర జాబితా అవసరం కూడా లేకుండా పోయింది. ఎవరి దగ్గర ఏముందో వాడేవాళ్ల కంప్యూటర్లే ఒకదానికొకటి చెప్పుకుంటాయి. ఇక కోర్టు ఎవరిని మూయమని ఆదేశించాలి? 2006 మే నెలలో స్వీడన్ పోలీసులు, ఇలా పంచే ఫైళ్లకు లింకులిచ్చే పైరేట్ బే అనే సైట్ సర్వర్లను పట్టుకుపోయారు, కొద్ది రోజుల్లోనే సైట్ తిరిగి నడిచింది. 2009లో అక్కడి కోర్టు నలుగురికి శిక్ష వేసింది. సైట్ మాత్రం పోలేదు.

పుస్తకాల్లోనూ ఇదే జరిగింది. 2022 నవంబరులో అమెరికా అధికారులు పుస్తకాలను అనుమతి లేకుండా ఉచితంగా పంచే జడ్-లైబ్రరీకి చెందిన రెండు వందలకు పైగా డొమైన్లను (సైట్ చిరునామాలను) స్వాధీనం చేసుకున్నారు. ఇద్దరు రష్యన్లను అర్జెంటీనాలో అరెస్టు చేశారు. సుమారు మూడు నెలలకే ఆ సైట్ కొత్త చిరునామాతో తిరిగొచ్చింది. పైగా అదే నవంబరులో, ఇలాంటి దొంగ గ్రంథాలయాలన్నింటినీ కలిపి వెతికిపెట్టే ఇంకో సైట్ పుట్టింది. పోలీసులు పట్టుకోగలిగేది మనిషిని, డొమైన్‌ను, సర్వర్‌ను. అప్పటికే వేలమంది దగ్గరికి చేరిన ప్రతులను ఎవరూ పట్టుకోలేరు.

సినిమాతో పోలిస్తే పుస్తకం పరిస్థితి ఇంకా కష్టం. మంచి క్వాలిటీ సినిమాకు గిగాబైట్లు కావాలి. రెండు వందల పేజీల నవల కొన్ని మెగాబైట్లలో సరిపోతుంది. దానికి టొరెంట్ అక్కర్లేదు, సైట్ అక్కర్లేదు, ఒక్క ఫార్వర్డ్ చాలు. వాట్సాప్‌లో 2016 నుంచి సందేశాలన్నీ పంపినవాళ్లకు, అందుకున్నవాళ్లకు తప్ప కంపెనీకి కూడా కనబడని పద్ధతిలో వెళ్తున్నాయి. మన వ్యక్తిగత మాటలకు ఆ రక్షణ ఉండాల్సిందే. కానీ కుటుంబ గ్రూపులో తిరిగే మీ నవలను ఎవరూ వెతికి తీయలేకపోవడానికి కారణం కూడా అదే.

ఇక తెలుగుకు ప్రత్యేకంగా ఉన్న ఒక చిక్కు గురించి బయట ఎవరూ పెద్దగా మాట్లాడరు. మన పుస్తకాల్లో చాలా భాగం ఇప్పటికీ పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్‌లో, అను ఫాంట్లలో తయారవుతాయి. ఇవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షరాల పద్ధతి) కావు. ఆ పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, అర్థంలేని అక్షరాలొస్తాయి. స్కాన్ చేసిన ప్రతి అయితే అక్షరాలే ఉండవు, అన్నీ బొమ్మలు. ఇంగ్లీషు పుస్తకమైతే నవలలోని ఒక వాక్యం వెతికితే దొంగ ప్రతి దొరికే అవకాశం ఉంది. మనకు ఆ దారి లేదు. పైగా ఫైల్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటుంది, ఎవరికి తోచిన స్పెల్లింగ్ వాళ్లు పెడతారు. నేను వెతికేటప్పుడు ముందు పుస్తకం పేరు, రచయిత పేరు ఎన్ని రకాల స్పెల్లింగుల్లో రాయవచ్చో కాగితం మీద రాసుకుంటాను. మీరూ అలాగే వెతకండి. మీరు చూసింది మూడు చోట్ల అన్నారు, బహుశా ఇంకా ఉంటాయి.

చట్టం సంగతి. మన కాపీరైట్ చట్టం, 1957 బలహీనమైనదేమీ కాదు. 63వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల, బెయిలు హక్కుగా రాని నేరమని 2022 మే నెలలో సుప్రీంకోర్టు తేల్చింది. సమస్యంతా అమలులోనే. ఫైల్ పెట్టినవాళ్లు ఎవరో తెలియదు. పెట్టింది టెలిగ్రామ్ లాంటి వేదిక మీద, చట్టం దృష్టిలో అది మధ్యవర్తి మాత్రమే. జనం పెట్టే ప్రతిదాన్నీ ముందుగా తనిఖీ చేయాల్సిన బాధ్యత వేదికలకు లేదని, హక్కుదారు ఫలానా లింకు అని నిర్దిష్టంగా చూపిస్తేనే తీయాలని 2016లో మైస్పేస్ అనే సోషల్ మీడియా సైట్ కేసులో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ చెప్పింది. అంటే వెతికే పని మీదే. రేపు ఇంకోచోట వస్తే మళ్లీ మీరే వెతకాలి.

కోర్టులు చూస్తూ ఊరుకోలేదు. 2019 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు సినిమా కంపెనీల కేసులో కొత్త పద్ధతి తెచ్చింది. ఒకసారి నిషేధించిన సైట్ వేరే చిరునామాతో వస్తే మళ్లీ కేసు వేయకుండా ఆ చిరునామాను జాబితాలో చేర్పించవచ్చు. 2022 ఆగస్టులో ఒక కోచింగ్ టీచర్ వేసిన కేసులో, ఆమె పాఠాలు, పుస్తకాలు పంచుతున్న ఛానెళ్ల నిర్వాహకుల వివరాలు ఇవ్వాలని టెలిగ్రామ్‌ను అదే కోర్టు ఆదేశించింది. సర్వర్లు విదేశాల్లో ఉన్నాయన్న వాదనను ఒప్పుకోలేదు. మనలాంటివాళ్లకు ఇది చాలా విలువైన తీర్పు. కానీ కోర్టు దాకా వెళ్లడానికి ఓపిక, డబ్బు కావాలి కదా. పరిశోధన వ్యాసాలను అనుమతి లేకుండా ఉచితంగా ఇచ్చే సై-హబ్ సైట్ మీద మూడు పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు 2020 డిసెంబరులో ఢిల్లీలో కేసు వేస్తే, ఆ సైట్‌ను మన దేశంలో నిలిపివేసే ఆదేశం 2025 ఆగస్టులో వచ్చింది. అయిదు వందల ప్రతులు వేసుకున్న రచయిత అన్నాళ్లు లాయరు ఫీజు కట్టలేరు.

సినిమావాళ్లకు ఇంకో సదుపాయం కూడా ఉంది. సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని 2023లో సవరించాక, పైరసీ సైట్లను నిలిపివేయించడానికి కేంద్రం ప్రత్యేకంగా అధికారులను నియమించింది. పుస్తకానికి అలాంటి గడప లేదు. అంత సదుపాయం ఉన్నా 2025 నవంబరులో హైదరాబాద్ పోలీసులు ఐబొమ్మ నిర్వాహకుడిని అరెస్టు చేసి సైట్ మూయించాక, దాదాపు అదే పేరుతో వేరే సైట్లు బయటికొచ్చాయి.

ఇంతవరకు చెప్పింది మిమ్మల్ని నిరాశపరచడానికి కాదు. ఎక్కడ తలబాదుకోకూడదో తెలిస్తేనే ఎక్కడ పని అవుతుందో కనబడుతుంది.

మొదటి పని: ఆ పీడీఎఫ్‌ను తెరిచి జాగ్రత్తగా చూడండి. ఎక్కడి నుంచి బయటికొచ్చిందో ఫైలే చెప్తుంది. పేజీ అంచుల్లో కటింగ్ కోసం పెట్టే గీతలుంటే అది ప్రెస్సుకు వెళ్లిన ఫైల్. గీతలు లేకుండా అక్షరాలు శుభ్రంగా ఉండి, మీరు చివర్లో దిద్దిన తప్పులు అందులో అలాగే ఉంటే ప్రూఫుల దశలో ఎవరికో పంపిన కాపీ. పేజీలు వంకరగా ఉండి, మధ్యలో నీడ, మూలన బొటనవేలు కనబడితే ఎవరో పాఠకుడు ఫోన్‌తో స్కాన్ చేశాడు. ఒక కథా సంపుటి ఆవిష్కరణ సభ కన్నా ముందే బయటికొచ్చింది. రచయిత్రి పాఠకుల మీద కోపంతో ఉన్నారు. ఫైల్ తెరిస్తే నాలుగు మూలలా కటింగ్ గీతలున్నాయి. ప్రెస్సులో పనిచేసే ఒకతను బాగుందని స్నేహితుడికి పంపాడు, అక్కడి నుంచి సాహిత్య గ్రూపులకు చేరింది. అతనికి అందులో ఒక్క రూపాయి లేదు, తప్పని కూడా తట్టలేదు. అప్పటి నుంచి నేను చూసే పుస్తకాలకు ప్రెస్సువాళ్లతో ఒక కాగితం రాయించుకుంటాను: అచ్చు ప్లేట్లు తీశాక ఫైల్ ఉంచకూడదు, వాట్సాప్‌లో పంపకూడదు అని. సమీక్షకులకు పీడీఎఫ్ ఇవ్వాల్సి వస్తే ప్రతి పేజీ అడుగున ఆ సమీక్షకుడి పేరు వేసి ఇస్తాం. పేరున్న ప్రతిని ఫార్వర్డ్ చేయడానికి ఎవరైనా ఒక నిమిషం ఆలోచిస్తారు.

రెండోది: పంచుతున్నది ఎవరో విడదీయండి. అమ్ముకునేవాళ్లు వేరు, అభిమానంతో పంచేవాళ్లు వేరు. ఇద్దరికీ ఒకే మందు పనిచేయదు. చట్టం కూడా ఈ తేడా గుర్తించింది. వ్యాపార లాభం కోసం చేయని సందర్భాల్లో, తగిన కారణం ఉంటే శిక్ష తగ్గించే వీలు 63వ సెక్షన్‌లోనే ఉంది.

అమ్ముకునేవాళ్ల దగ్గర డబ్బు జాడ ఉంటుంది, అదే మీ ఆయుధం. పోటీ పరీక్షలకు పుస్తకాలు రాసే ఒక రిటైర్డ్ లెక్చరర్ పుస్తకాన్ని ఒక ఛానెల్ క్యూఆర్ కోడ్ పెట్టి, అసలు ధరలో పదో వంతుకు అమ్మింది. నోటీసుతో ఛానెల్ మూయించడం కన్నా ముందు మేం చేసిన పని, ఒక ప్రతి కొనడం. డబ్బు కట్టగానే ఖాతా పేరు వచ్చింది. ఆ స్క్రీన్‌షాట్, ట్రాన్సాక్షన్ నంబరు, వచ్చిన ఫైల్, కాపీరైట్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కలిపి ఫిర్యాదు ఇచ్చాం. స్టేషన్‌లో మొదట ఇది సివిల్ వ్యవహారమన్నారు. సుప్రీంకోర్టు తీర్పు ప్రతి చూపించాక కేసు కట్టారు. ఆ ఛానెల్ మాత్రమే కాదు, అదే మనిషి నడిపే మిగతావి కూడా మూతపడ్డాయి. ముందే నోటీసు పంపి ఉంటే అతను ఛానెల్ తీసేసి, ఇంకో పేరుతో మొదలుపెట్టేవాడు. మన చేతిలో ఏమీ మిగిలేది కాదు. అందుకే అమ్ముతున్నవాళ్ల విషయంలో ఆధారం ముందు, నోటీసు తర్వాత.

రిజిస్ట్రేషన్ గురించి ఒక మాట. రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ పోలీసు అధికారి ముందు కూర్చున్నప్పుడు ఆ సర్టిఫికెట్ సగం మాటలు మాట్లాడుతుంది. సాహిత్య రచనకు ఫీజు 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేయవచ్చు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగాలి కాబట్టి, గొడవ వచ్చాక కాకుండా పుస్తకం రాగానే చేసుకోవడం మంచిది.

అభిమానంతో పంచేవాళ్ల దగ్గర బెదిరింపు పనిచేయదు. నిన్న తీసేసింది రేపు ప్రైవేటు గ్రూపులో పెడతారు, అప్పుడు మీకు కనబడనే కనబడదు. పాత వారపత్రికల సీరియళ్లను స్కాన్ చేసి పంచే గ్రూపులు చాలా ఉన్నాయి. అలాంటి ఒక గ్రూపు నడిపే పెద్దాయనకు నేను నేరుగా ఉత్తరం రాశాను. అమెరికాలో ఉంటారు, ఒకప్పుడు అమ్మగారు చింపి కుట్టి దాచిన సీరియల్ పేజీలను తనే కూర్చుని స్కాన్ చేశారు. "కొనడానికి ఎక్కడుందో చెప్పండి, ఇప్పుడే తీసేస్తాను" అని జవాబిచ్చారు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆ నవల అచ్చులో లేదు, ఈబుక్ లేదు. రచయిత వారసులతో మాట్లాడి ఈబుక్ తెచ్చాక ఆయన మాట నిలబెట్టుకున్నారు. ఫైల్ తీసేసి, కొనే లింకు పెట్టారు. ఆ లింకు నుంచే మొదటి నెల అమ్మకాల్లో ఎక్కువ భాగం వచ్చింది. అందరూ ఆయనలా ఉండరు. ఇదే ఉత్తరం రాస్తే నన్ను బ్లాక్ చేసిన గ్రూపులూ ఉన్నాయి. అయినా ముందు మర్యాదగా అడగడం వల్ల పోయేదేమీ లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇక్కడే ఉంది. తెలుగు పుస్తకాల పైరసీలో పెద్ద భాగం, కొందామన్నా దొరకని పుస్తకాలదే. పాత ఒప్పందాల్లో ఈబుక్ అన్న మాటే ఉండదు. చాలావాటికి రాతకోతలే లేవు. హక్కులు బదిలీ చేసే ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని, కాలపరిమితి రాయకపోతే అయిదేళ్లకే ముగుస్తుందని చట్టం చెప్తోంది. ఈ సంగతి ఇటు ప్రచురణకర్తలకూ తెలియదు, అటు వారసులకూ తెలియదు. వారసులు ముగ్గురు మూడు దేశాల్లో ఉంటే సంతకాలకే ఏడాది పడుతుంది. అమ్మే చోట్లూ తక్కువే. 2010లో తెలుగు ఈబుక్కులు అమ్మే కినిగె సైట్ మొదలైనప్పుడు కొంత ఆశ కలిగింది. 2016 చివర్లో అమెజాన్ కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు తెచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పాఠకురాలు ఒక నవల కోసం వెతికితే మొదట పీడీఎఫే కనబడుతుంది. పుస్తకం తెప్పించుకుందామంటే పుస్తకం ధర కన్నా పోస్టేజీ ఎక్కువ. ఇది పైరసీకి సమర్థన కాదు. రచయిత అనుమతి లేకుండా పంచడం తప్పే, ఎందుకు పంచినా తప్పే. కానీ ఈ ఖాళీ ఉన్నంతకాలం మీరు ఎన్ని నోటీసులు పంపినా దాన్ని ఎవరో ఒకరు నింపుతూనే ఉంటారు.

మీ నవల ఈబుక్‌గా ఉందో లేదో మీరు చెప్పలేదు. లేకపోతే అన్నిటికన్నా ముందు చేయాల్సింది అదే. గూగుల్ ప్లే బుక్స్‌లో తెలుగు పుస్తకం పెట్టవచ్చు. పుస్తకం పేరును తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ వివరాల్లో ఇవ్వండి, ఎక్కువమంది వెతికేది ఇంగ్లీషు అక్షరాలతోనే. మొదటి రెండు అధ్యాయాలు ఉచితంగా చదివే వీలు కల్పించండి.

కాపీ కాకుండా తాళం వేసే టెక్నాలజీ సంగతి చాలామంది అడుగుతారు. ఉంటే ఉండనివ్వండి, కానీ దాని మీద నమ్మకం పెట్టుకోకండి. తాళం తీసే పనిముట్లు ఎప్పుడూ ఉంటాయి. అవేవీ లేకపోయినా తెర మీద కనబడేదాన్ని ఫోటో తీయకుండా ఏ తాళమూ ఆపలేదు. పైగా డబ్బిచ్చి కొన్నవాళ్లే ఫోన్ మారిస్తే పుస్తకం తెరుచుకోక టెన్షన్ పడతారు. అమెరికాలో సైన్స్ ఫిక్షన్ ప్రచురించే టోర్ బుక్స్ 2012లో తన ఈబుక్స్‌కు ఆ తాళం పూర్తిగా తీసేసింది. ఏడాది తర్వాత చూస్తే పైరసీ చెప్పుకోదగ్గంతగా పెరగలేదని వాళ్లే ప్రకటించారు.

నోటీసులు అసలు పంపవద్దని కాదు. బహిరంగంగా కనబడే చోట్లకు తప్పకుండా పంపండి. ఛానెల్ పేరు రాస్తే సరిపోదు, ఫైల్ ఉన్న ప్రతి సందేశం లింకు విడివిడిగా ఇవ్వాలి. పుస్తకం కవరు, కాపీరైట్ పేజీ ఫోటో, హక్కు మీదేనన్న ప్రకటన, సంతకం జతచేయండి. మన దేశంలో కాపీరైట్ నిబంధనల ప్రకారం సరైన ఫిర్యాదు అందిన 36 గంటల్లో వేదికవాళ్లు ఆ లింకును అందకుండా చేయాలి. 21 రోజుల్లో మీరు కోర్టు ఆదేశం తేకపోతే వాళ్లు దాన్ని మళ్లీ తెరవవచ్చు. ఆచరణలో అలా తెరవడం నేను తక్కువగా చూశాను. ఛానెల్‌కు రాసినరోజే గూగుల్ సెర్చ్‌కూ విడిగా దరఖాస్తు పెట్టండి. సెర్చ్‌లోంచి తొలగించమంటూ గూగుల్‌కు ఇప్పటిదాకా వచ్చిన లింకులు వెయ్యి కోట్లు దాటాయి. ఆ సంఖ్య చూస్తే సమస్య ఎంతదో తెలుస్తుంది. అయినా మీ పుస్తకం పేరు కొట్టినప్పుడు మొదటి పేజీలో దొంగ లింకు లేకపోవడం నిజమైన లాభమే. వెతుక్కుని మరీ లోపలికి వెళ్లేవాళ్లు ఎలాగూ కొనరు. మీకు కావాల్సింది మొదటి పేజీ దగ్గరే ఆగిపోయే పాఠకుడు.

పుస్తకం వచ్చిన మొదటి మూడు నెలలు వారానికోసారి వెతకండి. అమ్మకాల్లో ఎక్కువ భాగం అప్పుడే జరుగుతుంది. తర్వాత నెలకోసారి చాలు. లింకుకు ఇంత అని తీసుకుని తొలగించే ఏజెన్సీలు మీకు ఫోన్ చేయవచ్చు. వెయ్యి ప్రతుల లోపు పుస్తకానికి ఆ ఖర్చు గిట్టదు, ఆ డబ్బు ఈబుక్ తయారీకి పెట్టండి. ఇంకొకటి, "నా నవల ఫలానా గ్రూపులో దొంగతనంగా తిరుగుతోంది" అని గ్రూపు పేరుతో ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టకండి. ఆ గ్రూపు గురించి తెలియనివాళ్లకు మీరే దారి చూపించినట్టవుతుంది. చెప్పాలనుకుంటే పుస్తకం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి.

ఆ మూడు ఛానెళ్లలో ఎవరైనా డబ్బు అడుగుతున్నారా, పేజీల్లో కటింగ్ గీతలున్నాయా, ఈబుక్ ఉందా లేదా, ఈ మూడూ చూసి చెప్పండి. లింకులు మాత్రం ఇక్కడ బహిరంగంగా పెట్టవద్దు. వాటిని బట్టి మీ నోటీసు ఎలా రాయాలో, ఎవరికి ముందు పంపాలో చెప్తాను.